ఓదార్పు చివర అంటుకున్న 'కానీ'

"నీ తప్పేం లేదమ్మా." లైంగిక దాడికి గురైన మనిషి గుండె చిక్కబట్టుకుని పాస్టరుగారి ఇంటి వరండా దాకా వస్తే ముందు వినబడే మాట ఇది. మంచి మాటే. పాస్టరమ్మగారు మంచినీళ్లిస్తారు, తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు. లేచి వెళ్లబోయేటప్పుడు ఇంకో ముక్క కలుస్తుంది: "కానీ, ఆ వేళప్పుడు ఒక్కదానివే ఎందుకెళ్లావు?" లేదంటే, "కానీ, నలుగురికీ తెలిస్తే సంఘం పరువేం కాను?"

ఈ 'కానీ' మన ఊళ్లలో పుట్టింది కాదు. దాని వయసు 1,700 ఏళ్లు దాటింది. తొలి ఆనవాళ్లలో ఒకటి నల్ల సముద్రం ఒడ్డున దొరుకుతుంది.

క్రీ.శ. 3వ శతాబ్దం నడిమిలో గోతు తెగవాళ్లు, వాళ్లతోపాటు మరికొన్ని తెగలు ఇప్పటి టర్కీ ఉత్తర తీరంలోని పొంతు ప్రాంతం మీద పడి దోచుకున్నారు. మనుషుల్ని పట్టుకుపోయారు. చెర నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లను సంఘం ఎలా చూడాలన్నది పెద్ద ప్రశ్నయింది. నియోసీజరియా బిషప్పు గ్రెగరీని ఆ సంగతే అడిగారు. అద్భుతాలు చేస్తాడని పేరుపడ్డ గ్రెగరీ ఆయనే. ఆయన రాసిన జవాబు ఇప్పటికీ నిలిచివుంది. బలవంతానికి గురైన స్త్రీ మీద నింద లేదన్నాడు. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయాన్ని సాక్ష్యానికి తెచ్చాడు. ఒకడు పొరుగువాడి మీద పడి చంపితే చచ్చినవాణ్ని ఎవరూ తప్పుపట్టరు, ఇదీ అలాంటిదేనని అక్కడుంది. అంతవరకూ ఎంత బాగుంది! ఆ ఊపులోనే ఆయన ఇంకో మాట కలిపాడు. ఆ స్త్రీ అంతకుముందే నడత బాగాలేనిదైతే చెరలో జరిగినదాని గురించి కూడా అనుమానపడాల్సిందేనట. అంటే దాడి చేసినవాడి సంగతి తేలకముందే ఆమె పాత జీవితం విచారణకొచ్చింది. నేటి కోర్టుల్లో డిఫెన్సు లాయరు అడిగే ప్రశ్నే, కాస్త గ్రీకులో.

తర్వాతి శతాబ్దంలో, పక్కనే ఉన్న కప్పదొకియలో బిషప్పు బాసిల్ ఇదే విషయం మీద ఒక నియమం రాశాడు. బలవంతంగా జరిగినదానికి నింద లేదు, యజమాని చేతిలో బలైన దాసికీ నింద లేదు. అంతే, ముగించాడు. వెనక 'కానీ' లేదు. ఆ కాలపు రాతల్లో ఇంత పొట్టిగా, ఇంత దయగా ఉన్నది అరుదు.

ఇక అందరికీ తెలిసిన ఘట్టం. 410 ఆగస్టు 24న గోతు తెగ రాజు అలారిక్ సేనలు రోము నగరంలోకి చొరబడ్డాయి. మూడు రోజుల దోపిడీలో అత్యాచారాలు జరిగాయి. దేవునికి జీవితం అంకితం చేసుకున్న కన్యలనూ వదల్లేదు. ఓడలెక్కి ఉత్తరాఫ్రికాకు వలసొచ్చిన రోమీయులు ఈ కథల్ని వెంట తెచ్చారు. క్రైస్తవులు కానివాళ్లు ఎత్తిపొడిచారు: మీ దేవుడు మీ కన్యలనే కాపాడలేకపోయాడే! హిప్పో బిషప్పు అగస్టీన్ ఆ ఎత్తిపొడుపుకు జవాబుగా 413లో ఒక గ్రంథం మొదలుపెట్టాడు. అదే 'దేవుని పట్టణం'. పూర్తిచేసేసరికి 13 ఏళ్లు పట్టింది. అన్నిటికంటే ముందు, మొదటి భాగంలోనే, ఆయన గాయపడిన ఆ ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాడు.

ఆయన ఎదుట ఉన్న ఆచారం ఎంత బరువైనదో గుర్తుంచుకోవాలి. రోములో పతివ్రత అంటే లుక్రీషియా. రాజకుమారుడు చెరిస్తే, తండ్రికీ భర్తకీ సంగతి చెప్పి, కత్తితో పొడుచుకుని చనిపోయిన స్త్రీ. చర్చిలోనూ అదే వరస. సైనికుల చేతికి చిక్కకుండా ఇద్దరు కూతుళ్లతో కలిసి నదిలో మునిగి చనిపోయిన దొమ్నీనాను పొగుడుతూ పేరుమోసిన ప్రసంగీకుడు క్రిసోస్తం అంతియొకయలో ప్రసంగించాడు. అలాగే ప్రాణం తీసుకున్న పెలాగియా చావును బిషప్పు అంబ్రోసు మెచ్చుకున్నాడు. అలాంటి కథలు వింటూ పెరిగిన అమ్మాయి దాడి తర్వాత కూడా బతికుంటే, ఆ బతకడమే ఆమె మీద నేరారోపణ అయ్యేది.

అగస్టీన్ దీన్ని తలకిందులు చేశాడు. శీలం ఒంట్లో ఉండదు, మనసులో, ఇష్టంలో ఉంటుందన్నాడు. ఇష్టం లేకుండా జరిగినదాంతో పవిత్రత పోదన్నాడు. మంత్రసాని పరీక్ష చేస్తూ పొరపాటున ఒక కన్యకు గాయం చేసిందనుకోండి, ఆ పిల్ల పవిత్రత ఏమైనా తగ్గుతుందా అని అడిగాడు. లుక్రీషియా గురించైతే మరీ నిలదీశాడు: ఆమె తప్పు చేసివుంటే పొగడ్త దేనికి? చేయకపోతే మరణశిక్ష దేనికి? ప్రాణం తీసుకున్నవాళ్ల మీద జాలి చూపుతూనే, ఎవరూ తమను తాము శిక్షించుకోనక్కర్లేదని గట్టిగా చెప్పాడు. ఎంతమంది ఆడవాళ్లు ఈ మాటల వల్ల బతికారో లెక్క కట్టడానికి దారి లేదు గానీ, బతికే హక్కు వాళ్లకుందని ఒక బిషప్పు ఇంత స్పష్టంగా రాయడం మాత్రం చిన్న సంగతి కాదు.

మరి 'కానీ'? అది 28వ అధ్యాయంలో నక్కి కూర్చుంది. దేవుడు దీన్ని ఎందుకు జరగనిచ్చాడు అన్న ప్రశ్నకు అగస్టీన్ ఊరుకోలేకపోయాడు. మీ మనసులు వెతుక్కోండి, మీ కన్యత్వం గురించి కాస్తో కూస్తో గర్వం ఉందేమో, లేకపోయినా ముందుముందు వచ్చేదేమో అన్నాడు. పది అధ్యాయాలు కూర్చోబెట్టి ఓదార్చి, గుమ్మం దగ్గర చేతికి ఒక ముల్లు ఇచ్చి పంపినట్టుంది. అడగని ప్రశ్నకు జవాబిచ్చే అలవాటు ప్రసంగీకుల్లో ఎంత పాతదో ఇక్కడ కనబడుతుంది.

మరో తరం గడిచింది. ఉత్తరాఫ్రికా మీద వాండల్సు తెగవాళ్లు పడ్డారు. అక్కడి బిషప్పులు పోపు లియోను సలహా అడిగితే ఆయన జవాబు రాశాడు: ఆ కన్యలది తప్పు కాదు, కానీ చెరగని కన్యలతో తమను సమానంగా ఎంచుకోకుండా, అణకువగా సిగ్గుపడుతూ ఉంటే మరింత మెచ్చదగినవాళ్లవుతారు. తప్పు లేదు, వరస మాత్రం వెనక్కి. మన పెళ్లిళ్లలో కొందరు ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోనివ్వని రివాజుకూ దీనికీ పోలిక ఎవరికి వాళ్లకే తడుతుంది.

మధ్యయుగాల మాటకొస్తే, అప్పటి ప్రసంగాల బరువంతా ఒక్క అమ్మాయి మీద పడింది. యాకోబు కూతురు దీనా. ఆదికాండం 34వ అధ్యాయంలో ఆ దేశపు ఆడపిల్లల్ని చూద్దామని ఆమె ఇంట్లోంచి బయటికొస్తుంది, షెకెము ఆమెను పట్టుకుని చెరుస్తాడు. అధ్యాయం పొడుగునా ఆమె ఒక్క మాటా మాట్లాడదు. మిగతావాళ్లే మాట్లాడతారు, తర్వాత వచ్చిన ప్రసంగీకులూ మాట్లాడారు. 12వ శతాబ్దంలో సన్యాసి బెర్నార్డు ఆమెను కుతూహలమనే పాపానికి ఉదాహరణ చేశాడు. 13వ శతాబ్దంలో ఇంగ్లండులో ఏకాంతవాసినుల కోసం రాసిన ఒక నియమ పుస్తకం ఇంకాస్త ముందుకెళ్లి, ఆమె చూడ్డం వల్ల కంటే ఇతరుల కంట పడ్డం వల్లే ఇంత కీడు జరిగిందంది. 16వ శతాబ్దంలో సంస్కర్త కాల్విన్ ఈ కథ నుంచి తండ్రులకు ఒక పాఠం తీశాడు: కూతుళ్లను కట్టడిలో ఉంచండి. కొడుకుల్ని కట్టడిలో ఉంచమని షెకెము తండ్రికి ఎవరూ చెప్పినట్టు లేదు.

దీనా ప్రసంగం మన దగ్గర పాతబడలేదు. యువతుల సభల్లో ఇప్పటికీ దాన్ని 'గడప దాటిన దీనా'గా వినిపించేవాళ్లున్నారు.

20వ శతాబ్దానికి వచ్చినా చనిపోయిన అమ్మాయిని మెచ్చుకునే అలవాటు తగ్గలేదు. ఇటలీలో నెట్టూనో దగ్గర ఒక పొలం ఇంట్లో ఉండే 11 ఏళ్ల మరియా గొరెట్టి మీద 1902 జూలై 5న అదే ఇంట్లో ఉండే యువకుడు దాడికి దిగాడు. ఆ పిల్ల ఎదిరించింది. అతను 14 పోట్లు పొడిచాడు. మర్నాడు ఆస్పత్రిలో అతన్ని క్షమిస్తున్నానని చెప్పి చనిపోయింది. 1950 జూన్ 24న పోపు 12వ పయస్ ఆమెను పునీతురాలిగా ప్రకటించినప్పుడు తల్లి అసుంత బతికేవుంది, ఆ వేడుక చూసింది. తెలుగు కతోలిక కుటుంబాల్లో గొరెట్టి పేరు పెట్టుకున్న ఆడపిల్లలున్నారు. ఆ చిన్నారి ధైర్యాన్ని ఎవరూ శంకించరు. చిక్కంతా ఆమె కథ చెప్పే తీరులో ఉంది. పాపం చేయడం కంటే చావడం మేలనుకుందని ప్రసంగంలో చెప్పగానే, బతికి బయటపడి అదే బల్ల మీద కూర్చున్న మరో అమ్మాయికి ఏం వినబడుతుంది? తనది పాపమని, తను చావనందుకు తక్కువదని. గురువుగారు ఆ మాట అనకపోయినా ఆ అమ్మాయి చెవికి చేరేది అదే.

ఇక్కడ తెలుగు భాష గురించి ఒక ముక్క. పాత పత్రికల్లో 'మానభంగం' అని రాసేవారు. భంగమైంది ఎవరి మానం? ఆమెదే. 'శీలం పోయింది', 'చెడిపోయింది', 'పాడైంది' అన్నీ ఆమె ఖాతాలో నష్టాలే, చేసినవాడి ఊసు లేని మాటలే. 'అత్యాచారం' వాడుకలోకొచ్చాక చూపు కొంచెం పక్కకు తిరిగింది, ఎందుకంటే ఆచారం మీరింది వాడు. ఇప్పుడు 'లైంగిక దాడి' అంటున్నారు. దాడి అన్నాక చేసినవాడెవడో చెప్పక తప్పదు. చాలామంది వాక్యం చెప్పేవాళ్లు మాత్రం వేదిక మీద ఇంకా పాత మాటలే పట్టుకుని ఉన్నారు.

మన దేశంలో ఈ కథ మలుపు తిరిగింది ఒక సంస్కృత పండితురాలి చేతుల్లో. 1858లో పడమటి కనుమల్లో పుట్టిన రమాబాయి కరువులో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుంది, పెళ్లయిన రెండేళ్లకే భర్తనూ పోగొట్టుకుంది. 1883లో చంటి కూతురు మనోరమను తీసుకుని ఇంగ్లండు చేరి, వాంటేజ్ అనే ఊళ్లో ఆంగ్లికన్ సన్యాసినుల దగ్గర ఉంది. వాళ్లు ఆమెను ఒకసారి లండన్‌లోని ఫుల్హాముకు తీసుకెళ్లారు. అక్కడ లోకం 'పతితలు' అని వెలివేసిన ఆడవాళ్ల కోసం ఒక ఆశ్రయముంది. రమాబాయి అక్కడ చూసింది ఉపదేశం కాదు, ఊడిగం. మంచి ఇంటి ఆడవాళ్లు ఆ స్త్రీలతో కలిసి పనిచేస్తున్నారు, ప్రేమగా మాట్లాడుతున్నారు. తన దేశపు ధర్మశాస్త్రాల్లో ఇలాంటివాళ్లకు శిక్షే ఉంది గాని దయ చూడలేదని ఆమె తర్వాత రాసుకుంది. మీరు వీళ్లనెందుకు ఇలా చూస్తున్నారని అడిగితే, ఒక సన్యాసిని యోహాను సువార్తలోని సమరయ స్త్రీ కథ చదివి వినిపించింది. అదే ఏడాది సెప్టెంబర్ 29న రమాబాయి బాప్తిస్మం తీసుకుంది. ఒక ప్రసంగం ఆమెను మార్చిందనుకుంటే, ఆ ప్రసంగానికి వేదిక లేదు, మైకు లేదు. వంటగదీ చాకిరేవూ ఉన్నాయి, చివర్లో ఒక చిన్న పఠనం.

1896–97 కరువులో ఆమె మధ్య పరగణాలకు వెళ్లింది. సహాయ కేంద్రాల్లోనూ దారుల్లోనూ అనాథ ఆడపిల్లల్ని వేటాడేవాళ్లున్నారని కళ్లారా చూసి బయటపెట్టింది. పిల్లల్ని బండ్ల మీద, రైళ్ల మీద వెంటబెట్టుకొచ్చింది. పుణే దగ్గర కేడ్గావ్‌లో వాళ్ల కోసం లేచిందే ముక్తి అనే ఆశ్రయం. 1900 గుజరాత్ కరువు తర్వాత అక్కడ దాదాపు 2,000 మంది ఉండేవారు. లైంగికంగా గాయపడి వచ్చినవాళ్ల కోసం కృపాసదన్ అని వేరే ఇల్లు కట్టింది. పేరులో దయ ఉంది. వేరే ఇల్లు అనడంలో, చూడండి, చిన్న 'కానీ' ఉంది. లోకం 'పాడైనవాళ్లు' అన్నవాళ్లనీ, ఇంకొకడి దాడికి గురైనవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టిన కాలమది. అయినా ముక్తి అచ్చుకూటంలో అక్షరాలు పేర్చింది ఆ ఇళ్లలోని ఆడవాళ్లే. రమాబాయి హీబ్రూ, గ్రీకు నేర్చుకుని పల్లెటూరి ఆడవాళ్లకు అర్థమయ్యే మరాఠీలోకి బైబిలంతా తర్జుమా చేసింది. 1922 ఏప్రిల్‌లో కన్నుమూసింది. అచ్చయిన బైబిలు 1924లో వెలువడింది.

వేదిక మీది మౌనం పగలడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. అమెరికాలో మేరీ ఫార్చూన్ అనే పాస్టరు 1977లో సియాటిల్‌లో ఒక కేంద్రం పెట్టి, 1983లో లైంగిక హింస మీద పుస్తకం తెచ్చింది. దాన్ని నోరెత్తి చెప్పరాని పాపమని పేరులోనే ఎత్తిచూపింది. ఆ మరుసటేడే బైబిలు పండితురాలు ఫిలిస్ ట్రిబుల్ పుస్తకం వచ్చింది. యేల్ విశ్వవిద్యాలయంలో బీచర్ ఉపన్యాసాలని ఒక పరంపర ఉంది, అవి వాక్యం చెప్పడం గురించే. ప్రసంగీకుల కోసం పెట్టిన ఆ వేదిక మీద ఆమె ప్రసంగీకులు దాటేసే నాలుగు కథలు తీసింది. వాటిలో ఒకటి తామారు.

రెండవ సమూయేలు 13వ అధ్యాయం. దావీదు కొడుకు అమ్నోను చెల్లెలు తామారు మీద కన్నేసి, జబ్బు నటించి, ఆమె చేతి రొట్టెలు కావాలని గదికి పిలిపిస్తాడు. ఈ ఉపాయం చెప్పింది అతని స్నేహితుడు యెహోనాదాబు. పంపింది దావీదు. ఇక్కడ దీనాకీ తామారుకీ పెద్ద తేడా ఉంది. తామారు మాట్లాడుతుంది. వద్దంటుంది, కారణాలు చెబుతుంది, అతని పరువు గురించీ హెచ్చరిస్తుంది. పని అయ్యాక అమ్నోను ఆమెను గెంటేయమని పనివాడికి చెబుతాడు. హీబ్రూలో అక్కడ 'స్త్రీ' అన్న మాట కూడా లేదు, ఉత్త 'దీన్ని' అనే. తలుపు గడియ పడుతుంది. ఆమె తల మీద బూడిద పోసుకుని, వస్త్రం చింపుకుని, గట్టిగా ఏడుస్తూ వీధిన నడుస్తుంది. దాచిపెట్టలేదు. దాచమన్నది అన్న అబ్షాలోము: ఊరుకో, మీ అన్నే కదా. దావీదుకు చాలా కోపం వచ్చింది, ఏమీ చేయలేదు. ఎందుకు చేయలేదో గ్రీకు ప్రతిలోనూ మృత సముద్రపు చుట్టల్లో ఒకదానిలోనూ ఉంది: పెద్దకొడుకు మీది ప్రేమ. ఇంటింటా వినే సంగతే!

1992లో ఎన్నో ప్రొటెస్టెంటు సంఘాల కోసం ఆదివారపు పఠనాల ఉమ్మడి పట్టిక కొత్తగా సవరించారు. అందులో దావీదు, బత్షెబల కథ ఉంది, అబ్షాలోము చావూ ఉంది. నడుమ తామారు లేదు. అంటే ఆ పట్టిక ప్రకారం నడిచే సంఘంలో ఒకామె అరవై ఏళ్లు క్రమం తప్పకుండా ఆరాధనకు వచ్చినా ఈ కథ ఒక్క ఆదివారమూ చెవిన పడదు.

దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో ఉజామా కేంద్రంవాళ్లు పట్టిక కోసం ఆగలేదు. విశ్వవిద్యాలయంలోని బైబిలు పండితులూ, ఊళ్లోని సంఘాలవాళ్లూ కలిసి పనిచేసే చోటది. 1996లో ఒక స్త్రీల సదస్సులో తామారు కథ ఉన్న 22 వచనాలు బయటికి చదివి, చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ప్రశ్నలు వేశారు. ఈ కథ దేని గురించి? ఇందులో మగవాళ్లెవరు, జరిగినదానిలో ఒక్కొక్కడి వంతెంత? తామారు ఏమేం చేసింది, ఏమేం అంది? మీ సంఘంలో తామారులున్నారా, వాళ్ల కథలేంటి? మీ చుట్టుపక్కల వాళ్లకు సాయం ఎక్కడ దొరుకుతుంది? రెండో ప్రశ్నను చూడండి. నేరం లెక్క కట్టడానికి ఆమె పాత జీవితం తవ్వలేదు. ఉపాయం చెప్పినవాడు, పంపినవాడు, తలుపు వేసినవాడు, నోరు మూయించినవాడు, కోప్పడి ఊరుకున్నవాడు అందరూ వరసగా లేచి నిలబడాల్సొచ్చింది. ప్రసంగీకుడు మాట్లాడితే 'కానీ' వస్తుంది. ఇక్కడ ఆయన అడిగి ఊరుకున్నాడు, విన్నవాళ్లు మాట్లాడారు. 2000 నాటికి ఇది తామారు ఉద్యమమైంది, ఆఫ్రికాలో వేరే దేశాలకూ పాకింది. తర్వాత్తర్వాత అదే కేంద్రంలో మగవాళ్లను కూర్చోబెట్టి అమ్నోను గురించి మాట్లాడించడం మొదలైంది.

ఈలోగా వేదిక ఎక్కేవాళ్ల నేరాలే బయటపడ్డాయి. 2002లో బోస్టన్‌లో గురువులు పిల్లలపై చేసిన లైంగిక దాడుల వ్యవహారం పత్రికలకెక్కింది. 2014 జూలై 7న పోపు ఫ్రాన్సిస్ తన నివాసంలోని చిన్న గుడిలో ఆరుగురు బాధితుల ఎదుట ప్రసంగించాడు. గురువుల నేరాలకే కాక, ఫిర్యాదులు విని సరిగా స్పందించని పెద్దల నేరానికి కూడా క్షమాపణ అడిగాడు. బాధితుల్ని 'క్షమించండి' అని ఉపదేశించే చోట బోధకుడే ఆ మాట అడుక్కునే స్థానంలోకి వచ్చాడు.

ఈ గాయం ఆడవాళ్లకే పరిమితం కాదు. యోసేపు పోతీఫరు ఇంట్లో పై అంగీ వదిలేసి పారిపోయిన కథ మన యువజన సదస్సులకు ఇష్టమైన పాఠం. పారిపోవడం అంటే ఎంత గెలుపో! కానీ హాస్టల్లో, బంధువుల ఇంట్లో, గుడి వెనక గదిలో పారిపోలేకపోయిన పిల్లాడు ఆ సభలో ఉంటే అతనికి మిగిలేది ఏంటి? యోసేపు బానిస. ఒంటరివాడు. యజమానురాలు రోజూ వేధించింది, తర్వాత అబద్ధం చెప్పి జైల్లో పెట్టించింది. ఈ సగం మీద ప్రసంగం చెప్పేవాళ్లు తక్కువ.

మన దేశంలో చట్టం కూడా వేదిక దాకా వచ్చింది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం, అదే 2012 నాటి పోక్సో, తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చేయాలంటుంది. పాస్టరుకీ, గురువుకీ అందులో మినహాయింపు లేదు. అత్యాచార బాధితుల పేరు ప్రచురించడం నేరం. మన సంఘాల్లో 'సాక్ష్యం చెప్పడం' గొప్ప ఆచారం, ఇప్పుడు ఆరాధనలు యూట్యూబులో నేరుగా ప్రసారమవుతున్నాయి. కన్నీళ్లతో చెప్పిన సాక్ష్యం ఊరి పేరుతో, మనిషి ముఖంతో ఫోన్లలో తిరుగుతుంది. అందుకే ఈ పని తెలిసిన బోధకులు ఆ ఆదివారం కెమెరా ఆపుతారు. ముందుగా ఏ లేఖన భాగం చదవబోతున్నారో చెబుతారు, లేచి వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లొచ్చంటారు. అయిపోయాక మాట్లాడటానికి ఒక స్త్రీని, ఒక పురుషుణ్ని పక్క గదిలో ఉంచుతారు. స్త్రీలకూ పిల్లలకూ సాయం దొరికే 181, 1098 నంబర్లు నోటీసు బోర్డు మీద రాస్తారు.

పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో ఎంచుకున్న భాగం 22వ వచనంతో ముగుస్తుంది. 23 నుంచి మళ్లీ మగవాళ్ల కథ: రెండేళ్ల తర్వాత గొర్రెల బొచ్చు కత్తిరింపు, విందు, పగ, హత్య. అక్కడికి వెళ్తే అందరూ అబ్షాలోము గురించి మాట్లాడటం మొదలుపెడతారు. అందుకే పుస్తకం అక్కడే మూస్తారు, తామారు తన అన్న అబ్షాలోము ఇంట్లో కూర్చుని ఉండగానే.